రాళ్ళ మడి

పుట్టపర్తి,
1 జూన్ 2025.

తమ్ముడు ఓబులేసుకు అక్క బయమ్మ రాసుకునేది. ఇక్కడ నేను ప్రాణంతో ఉన్నాను. అక్కడ నువ్వు వేళకు ఇంత తింటున్నావని అనుకుంటున్నాను.

జాబు రాసిందేమిరా అని నవ్వొద్దు. నాది నాలుగో తరగతి చదువు, ఒత్తులు పోయి ఉంటాయి, నువ్వే పెట్టుకొని చదువుకో. ఫోను ఎత్తడం లేదని నీకు కోపమని తెలుసు. నా దగ్గర ఉన్నది ఇంద్రాణి ఫోనే కదా. అది మోగితే బిడ్డ వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వస్తుందని నా కళ్ళు గడప మీదికి పోతాయి. ఆ మోత వినలేక దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసినాను.

అసలు సంగతి రాస్తాను. మీరిద్దరూ ఈ ఇంట్లోకి దిగిన ఏడు ఇంద్రాణి పెరట్లో తవ్వించుకున్న నీళ్ళ గుంత ఉంది కదా, అది పచ్చబడిపోయింది. నీళ్ళు గోంగూర ఉడికించినట్టు చిక్కగా ఉన్నాయి. పొద్దున లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ముందు గదిలో బాడుగకు దిగిన బళ్ళారి వాళ్ళు వాసన అని కిటికీ మూసుకున్నారు. పక్కింటి హనుమంతప్ప మేస్త్రీ గోడ మీదుగా తొంగి చూసి ఏమన్నాడో తెలుసా?

"బయమ్మక్కా, మన్ను పోసి పూడ్చేయ్. ఈడ మనుషులు బిందె నీళ్ళకు జుట్లు పట్టుకుంటాండారు, నీ చేపలకు జలకాలాటలా?"

"పూడ్చేదానికి అది నీదా, నాదా? తవ్విచ్చినదాన్ని అడిగిరా పో" అన్నాను. పాపం, తల దించుకొని గోడ అవతలికి పోయినాడు.

నా బిడ్డ కడుపున ఒక కాయ కాయలేదు. అది చేత్తో మేత వేసి సాకిన ప్రాణాలు ఈ లోకంలో ఈ పదకొండు చేపలే. ఇవి కూడా నా కళ్ళ ముందు పోతే నేను తట్టుకోలేను ఓబులేసూ.

గుంత పక్కన రాళ్ళతో ఏదో కడతానని, దాంతో మందూ మాకూ లేకుండా నీళ్ళు తేటపడతాయని ఇంద్రాణి అంటుండేది. ఏదో నోటుబుక్కులో రాసుకునేది కూడా. చీరలతో పాటు ఆ పుస్తకం నువ్వు గుంతకల్లుకు తీసుకుపోయినావు. వెతికి అందులో ఏముందో నాకు రాయి. నువ్వు రాయి, నేను కడతాను.

ఎండలో తిరగొద్దు. మజ్జిగ తాగు.

నిన్ను చంకనేసుకొని సాకిన
అక్క బయమ్మ


గుంతకల్లు,
6 జూన్ 2025.

అక్కకు ఓబులేసు నమస్కారాలు.

నీ జాబు అందింది. నీ చేతిరాత ఇన్నేళ్ళకు చూశాను, చాలా సంతోషం. ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు డ్యూటీ ఎక్కువగా ఉంది. ఈ ఎండలకు సిగ్నల్ పెట్టెలు ముట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. ఇంటికొచ్చి ఒక్కడికి వండుకోవాలంటే పొయ్యి వెలిగించబుద్ధి కాదు.

ఇంద్రాణి నోటుబుక్కు దొరికింది. నువ్వు అడిగినది అందులో ఉంది. దీన్ని ఇంగ్లీషులో బాగ్ ఫిల్టర్ అంటారట, చిత్తడి నేల మాదిరి నీళ్ళను వడకట్టేదని. ఆమె రాసుకున్న మాటలే ఎత్తి రాస్తున్నాను.

"గుంత పక్కనే, దానికంటే జానెడు ఎత్తులో ఇంకో తొట్టి కట్టాలి. ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. లోపల నల్ల షీటు పరచాలి. అడుగున పైపు వేయాలి. పైపుకు రంపంతో వేలెడు దూరానికి ఒక గాటు పెట్టి, కొస మూసేయాలి. గుంతలో పెట్టిన చిన్న మోటరు మురికి నీళ్ళను ఈ పైపులోకి నెడుతుంది. పైపు మీద పిడికిలంత రాళ్ళు, వాటి మీద శనగగింజంత కంకర. నీళ్ళు అడుగు నుంచి పైకి రావాలి. రాళ్ళ నడుమ నీళ్ళు పరుగెత్తకూడదు, పాకాలి. పాకితేనే మురికిని కింద వదిలిపెడతాయి. కంకరలో నాటిన మొక్కలు ఆ మురికిని తింటాయి. మనకు మురికి, వాటికి అన్నం. తేట నీళ్ళు ఒక బండ మీదుగా జారి మళ్ళీ గుంతలో పడాలి."

మోటరు, పైపు, షీటు బస్సులో వేసి పంపిస్తాను. తవ్వడానికి హనుమంతప్పను పిలువు. నువ్వు పార పట్టొద్దు. శ్రావణం నాటికి పని పూర్తి కావాలి అక్కా. నలుగురూ వస్తారు.

ఉంటాను.
తమ్ముడు
ఓబులేసు


పుట్టపర్తి,
18 జూన్ 2025.

నా తమ్ముడు ఓబులేసుకు వేయి దీవెనలు.

నీ జాబు ఎన్నిసార్లు చదివినానో లెక్కలేదు. మడతల దగ్గర చినిగిపోతుందని ప్లాస్టిక్ కవరులో పెట్టి గుంత గట్టున రాయి కింద ఉంచినాను. తవ్వుతూ చదువుకుంటాను, చదువుకుంటూ తవ్వుతాను. మనకు మురికి, వాటికి అన్నం. చూసినావా నా బిడ్డ మాట! పది నెలలైంది దాని నోటి మాట విని. ఇన్నాళ్ళకు కొత్త మాట ఒకటి విన్నట్టైంది. ఇంతకు ముందు దాని పాత మాటలే తలచుకుంటూ ఉంటిని, అవి ఎన్నిసార్లని తలచుకోను?

నీళ్ళు పాకాలి అని రాసింది కదా. అది కూడా దాని గుణమే. ఎవరైనా తొందరపడితే దానికి నచ్చేది కాదు.

పార పట్టొద్దన్నావు, పట్టినాను. చేతులు ఊరికే ఉంటే తల పనిచేస్తుంది, అది నాకు మంచిది కాదు. రెండడుగుల దగ్గర సుద్దరాయి తగిలింది. హనుమంతప్ప గడ్డపారతో రెండు రోజులు పొడిచినాడు. షీటు పరిచి, పైపుకు గాట్లు పెట్టి అడుగున వేసినాము. కంకరంతా సున్నం దుమ్ము, కడగకుండా వేయకూడదని హనుమంతప్పే చెప్పినాడు. మన బోరుకు అన్ని నీళ్ళు యాడివి? మూడు డ్రమ్ములు వరసగా పెట్టి, మొదటి దాంట్లో కడిగింది రెండో దాంట్లో, రెండో దాంట్లోది మూడో దాంట్లో జాడించినాను. ఆ చివరి బురద నీళ్ళు టెంకాయ చెట్టుకు పోసినాను, ఒక చుక్క పారబోయలేదు.

"రాళ్ళకు తలంటు పోస్తాండావా అక్కా?" అని హనుమంతప్ప ఎగతాళి.

"తలంటు పోసి సాంబ్రాణి పొగ గూడా ఏస్తా. నీకేమప్పా?" అన్నాను. చాలా రోజులకు నాకు నేనే నవ్వుకున్నాను. దీనికి రాళ్ళ మడి అని పేరు పెట్టినాను. బాగ్ ఫిల్టర్ అని నా నోరు తిరగదు.

శ్రావణం నాటికి కావాలని నువ్వు రాసినప్పుడే నా కడుపు నిండింది. శ్రావణ పున్నమి వెళ్ళిన మూడోనాడే కదా ఆ పాడు జ్వరం దాన్ని తీసుకుపోయింది. నువ్వు మరచిపోతావేమో, నేనే గుర్తు చేయాలేమో అని లోపల భయపడుతుంటిని. ఏడాది ఈ గుంత దగ్గరే పెడదాము. నల్లమాడలో మన వాళ్ళకు అప్పుడే కబురు పంపినాను.

అమ్మ పోయినప్పుడు నీకు మూడేళ్ళు, నాకు పదిహేడు. తర్వాత రెండేళ్ళకు ఇంద్రాణి పుట్టింది. మీ ఇద్దరికీ ఒక్క గిన్నెలో కలిపి పెట్టినాను. మీ పెండ్లిలో నిన్ను అల్లుడా అని పిలవలేక నేను, నన్ను అత్తా అనలేక నువ్వు, ఇద్దరం నవ్వి చచ్చినాము. పరాయి వానికి ఇచ్చి ఉంటే బిడ్డ పోయినాక ఆ ఇంటితో నాకు ఏమి పని? నువ్వు కాబట్టి నాకు ఈ గుంత మిగిలింది.

మొక్కలు ఏవి నాటాలో రాసిందా? దాని మాటలే రాయి. ఒక్కటీ విడిచిపెట్టొద్దు.

ఇట్లు
రాళ్ళు కడిగి కడిగి చేతులు తెల్లబడిన
నీ అక్క


గుంతకల్లు,
24 జూన్ 2025.

అక్కకు నమస్కారాలు.

పని బాగా జరుగుతున్నందుకు సంతోషం. మొక్కల గురించి నోటుబుక్కులో ఇట్లా ఉంది.

"మెట్టతామర, వస, తుంగ, చేమ. వేర్లకు రేణువు మన్ను లేకుండా కడిగి నాటాలి. మన్ను పోతే నీళ్ళే అన్నీ చూసుకుంటాయి. చేమ దుంపలు చేత్తో విడదీసి, కంకరలో వేళ్ళు దించి గుచ్చాలి. ఆ చల్లదనం చేతులకు హాయిగా ఉంటుంది. మొదటి నెల ఆకులు పసుపు తిరుగుతాయి, భయపడకూడదు."

మొక్కలు పంపిస్తున్నాను. తూర్పు గోడకు సున్నం వేయించు. ఆ గోడ పక్కన ఎనిమిది కుర్చీలు పట్టేంత చోటు ఖాళీగా ఉంచు, అక్కడ ఏమీ పెట్టొద్దు. ఏడాది సంగతి నేను చూసుకుంటాను, నువ్వు మనసులో పెట్టుకొని కుమిలిపోవద్దు. ఒంట్లో కొంచెం నలతగా ఉంది, అందుకే తక్కువగా రాస్తున్నాను.

ఓబులేసు


పుట్టపర్తి,
12 జూలై 2025.

ఓబులేసుకు అక్క రాసేది.

నీ నలత తగ్గిందా? మిరియాల చారు పెట్టుకో. ఒక్కడివే ఉన్నావని తిండి మానొద్దు.

నేనొక తప్పు చేసినాను. తిట్టినా పడతాను, ముందు అది చెప్తాను.

మొక్కలు వచ్చినాయి. చెప్పినట్టే వేర్లు కడిగినాను. కడిగినాక ఆ తెల్లని వేర్లు చూస్తే పసిబిడ్డకు బట్టలు విప్పినట్టు అనిపించింది. వాటిని వట్టి రాళ్ళలో గుచ్చి పోవాలంటే చేయి ఆడలేదు. ఈ గడ్డ మీద పుట్టి, మన్ను కోసం, మన్నులో తడి కోసం జన్మంతా ఏడ్చినదాన్ని. మన్ను లేకుండా చెట్టు బ్రతుకుతుందంటే నా బిడ్డ రాసినా నాకు నమ్మకం చాలలేదు. హనుమంతప్ప లేని వేళ చూసి, మన నల్లమాడ చేని ఎర్రమన్ను గంపెడు, పెంట ఎరువు అరగంప తెప్పించి, ప్రతి మొక్క కిందా రెండు పిడికిళ్ళు కుక్కి పైన కంకర కప్పినాను. ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజుకు గుంత నీళ్ళు ఎర్రగా అయినాయి. వారానికి మోటరు గుర్రుమంటోంది గాని మడిలోకి నీళ్ళు ఎక్కడం లేదు. నిన్న పొద్దున మూడు చేపలు వెల్లకిలా తేలినాయి. టెంకాయ చెట్టు కింద పూడ్చినాను. అది చెప్పినట్టు చేయక దాని చేపలను నేనే చంపుకున్నాను. ఏమి చేయాలో పుస్తకంలో చూసి వెంటనే రాయి. ఇంకా ఎనిమిది ఉన్నాయి.

ఇంకొక మాట. చేమ గురించి రాసినావు కదా, చేతులకు హాయిగా ఉంటుందని. ఇంద్రాణికి చేమ పడదు. ఏడేళ్ళప్పుడు చేమాకు తుంచి, మోచేతుల దాకా దద్దుర్లు లేచి, రెండు రోజులు ఏడ్చింది. మళ్ళీ జన్మలో దాని జోలికి పోలేదు. మరి ఎట్లా రాసింది? పెండ్లైనాక ఆ దురద పోయిందా? పోతే నాకు చెప్పలేదే. కన్న తల్లికి తెలియనివి కూడా బిడ్డకు ఉంటాయి కాబోలు అని మూడు రోజులు అదే ఆలోచన. నీకు తెలిసి ఉంటుంది, రాయి.

తప్పు చేసిన
అక్క


గుంతకల్లు,
17 జూలై 2025.

అక్కకు.

ఏడవొద్దు. ఎవరైనా చేసే పొరపాటే. మన్ను పోయి పైపు గాట్లు మూసుకుపోయి ఉంటాయి. అంతా తీసి కడిగి మళ్ళీ వేయాలి. నీ ఒక్కదానితో అయ్యే పని కాదు. ఇక్కడ ప్రసూన అని ఒకామె మొక్కల నర్సరీ నడుపుతుంది, ఈ పని బాగా తెలిసిన మనిషి. ఆదివారం పంపిస్తాను. భోజనం పెట్టు. ఎక్కువగా ఏమీ అడగొద్దు, ఆమెకు మొహమాటం ఎక్కువ.

చేమ సంగతి నాకు సరిగ్గా గుర్తు లేదు. వయసుతో కొన్ని పోతాయి అక్కా.

ఓబులేసు


పుట్టపర్తి,
28 జూలై 2025.

ఓబులేసుకు.

నువ్వు పంపిన మనిషి వచ్చింది, పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. వస్తూనే కొంగు దోపి, చెప్పులు విడిచి మడిలోకి దిగింది. నేను మన్ను సంగతి చెప్తే నవ్వలేదు, తిట్టలేదు. "మా అమ్మైనా ఇదే చేసుంటాది" అనింది. ఇద్దరం కలిసి మొక్కలు తీసినాము. కంకర కడిగినాము. పైపు తీసి, ఒక్కొక్క గాటులో గోరు పెట్టి బురద గీకినాము. మధ్యాహ్నానికి మళ్ళీ మోటరు వేస్తే నీళ్ళు ఊట మాదిరి కంకర మీదికి ఉబికినాయి. నాకు ఆమె చేతికి ముద్దు పెట్టాలనిపించింది. అంత మంచిగా అనిపించింది, అబద్ధం ఎందుకు?

సంగటి ముద్ద, శనక్కాయల పచ్చడి పెట్టినాను. తిని గట్టున కూర్చొని మడిని చూపిస్తూ అనింది.

"చూడుమ్మా, మోటరు ఇంకా పెంచొద్దు. రాళ్ళ నడుమ నీళ్ళు పరుగెత్తగూడదు, పాకల్ల. పాకితేనే మురికిని కింద ఇడిసిపెడతాయి."

నేను కంచం కడుగుతున్నాను. అట్లే కింద పెట్టినాను.

"ఆ మాట నీకు యాడిదమ్మా?"

"యాడిదేముంది, నాదే. ఓబులేసుగారు అడిగితే కాగితం మీద రాసిచ్చినా గదా. ఏం, అర్థం కాకుండా ఉండాదా?"

"మనకు మురికి, వాటికి అన్నం. అది?"

"అదీ నాదే" అని నవ్వింది. "నర్సరీకి వచ్చే బడిపిల్లోళ్ళకు అట్లే చెప్తా. బాగా గుర్తుంటాది వాళ్ళకు."

"చేమ?"

"చేమ నాకు బలే ఇష్టమమ్మా. దాంట్లో చెయ్యి పెడితే తీయబుద్ధి గాదు."

బస్సుకు పోయే ముందు గడప దగ్గర నిలబడి, "అయితే మీకు ఇష్టమే గదా అమ్మా?" అనింది. "ఏది?" అన్నాను. ఆమె ముఖం మారిపోయింది. "ఓబులేసుగారు రాయలేదా?" అని, నా జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

ఓబులేసూ, నెలన్నరగా నేను పొద్దున లేచి ఆ మాటలు పైకి చదువుకొని పనిలో దిగుతున్నాను. చెట్లకు చెప్పినాను. చేపలకు చెప్పినాను. బాడుగకు దిగిన వాళ్ళను కూర్చోబెట్టి మా బిడ్డ రాసింది వినండి అని చదివి వినిపించినాను. చేమ మాట చూసి నా బిడ్డ నాకే తెలియదని నన్ను నేను తిట్టుకున్నాను. ముక్కూ ముఖం తెలియని మనిషి మాటలకు నేను అమ్మనైనాను.

నీ జాబులన్నీ దీంతో పెట్టి పంపుతున్నాను. ఒక ఎర్ర పెన్సిలు తీసుకో. ఇంద్రాణి రాసిన మాట ఏదైతే ఉందో దాని కింద గీత గీయి. గీత ఉన్నదే నేను ఉంచుకుంటాను. ఆమె అడిగిన ఇష్టం ఏమిటో కూడా రాయి. నా మీద జాలితో మాత్రం ఏదీ రాయొద్దు.

బయమ్మ


గుంతకల్లు,
4 ఆగస్టు 2025.

అక్కా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను.

నీ దగ్గర నుంచి వచ్చిన జాబులన్నీ తిప్పి పంపుతున్నాను. ఎర్ర గీత ఒక్క చోటే గీశాను. ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. ఆమె పుస్తకంలో అంతే ఉంది. ఆ అంకెలు, ఒక బొమ్మ. నువ్వు జాబులో అంత ఆశగా అడిగావు. ఏమీ లేదని రాయడానికి చేతులు రాలేదు. ప్రసూన చెప్పినవి ఇంద్రాణివి అని రాస్తే నువ్వు లేచి పార పట్టుకున్నావు, నవ్వానని రాశావు. అది చూశాక ఆపలేకపోయాను.

ఆ బొమ్మ గురించే మార్చిలో నర్సరీకి వెళ్ళాను. అట్లా పరిచయం. మేము పెండ్లి చేసుకోవాలని అనుకున్నాము. ఈ నెల ఇరవయ్యో తేదీ బుధవారం నిశ్చితార్థం, ఆ పెరట్లోనే. గోడకు సున్నం, కుర్చీలకు చోటు అందుకే. నువ్వు ఏడాదికి అనుకున్నావు, నేను కాదని రాయలేదు.

ఇంకొకటి. ఏడాది తిరగకుండా శుభకార్యం పనికిరాదని, ఏడాది ముందుకు జరిపి పెట్టేస్తే దోషం లేదని పెద్దలు అన్నారు. జూన్ ఇరవై రెండున తుంగభద్ర ఒడ్డున పెట్టించేశాను. నిన్ను పిలిస్తే నువ్వు తట్టుకోలేవని పిలవలేదు.

బొమ్మ కాగితం చింపి దీంతో పంపుతున్నాను. గుంతకు తూర్పున చిన్న చదరం గీసి 'అమ్మ బండ' అని రాసుంది చూడు. నువ్వు వచ్చినప్పుడు కూర్చోవడానికని ఆమె నాతో అన్నది. కుర్చీలకని నేను ఖాళీ పెట్టమన్న చోటు అదే. అది నాకు తెలిసే రాశాను.

నలభై ఏళ్ళకు ఒంటరిగా ఉండలేకపోయాను. నాకు తల్లివీ నువ్వే. నీ చేతి అక్షింతలు లేకుండా నాకు ఏదీ జరగలేదు ఇంతవరకు. కొట్టు, తిట్టు, కానీ ఇరవయ్యో తేదీ నువ్వు అక్కడ ఉండాలి.

ఓబులేసు


పుట్టపర్తి,
13 ఆగస్టు 2025.

ఓబులేసుకు బయమ్మ రాసేది.

నిన్న ఇంద్రాణి ఏడాది. నువ్వు ఎప్పుడో పెట్టించేసినావు, నాకు మాత్రం నిన్ననే వచ్చింది.

జూన్ ఇరవై రెండు అని చూసి నీ జాబుల తేదీలు తిరగేసినాను. నదిలో మునిగి లేచిన రెండు రోజులకు నువ్వు నాకు చేమ దుంపలు ఎట్లా విడదీయాలో రాసినావు. ఒంట్లో నలత అన్నావు. నేను మిరియాల చారు పెట్టుకోమన్నాను. నువ్వు పెండ్లి చేసుకోవద్దని నేను అంటానా? ఒంటరి బ్రతుకు ఎట్లుంటుందో నాకు ఒకరు చెప్పాలా? మీ బావ పోయి పన్నెండేళ్ళు. అక్కా, ఇట్లుంది అని ఒక్క ముక్క రాసుంటే నాలుగు రోజులు ఏడ్చి, అయిదో రోజు నేనే అమ్మాయిని చూసేదానికి వచ్చేదాన్ని. అంత నమ్మకం కూడా నా మీద నీకు లేకపోయింది. దానికి కర్మ చేసేటప్పుడు కన్నదాన్ని పక్కన నిలబెట్టుకోలేదు చూడు, అది నేను చచ్చేదాకా మరవను.

మన వాళ్ళు నల్లమాడ నుంచి ఆరుగురు వచ్చినారు. ఎందుకు నువ్వు రాలేదని అడిగినారు. ఉన్నది ఉన్నట్టు చెప్పినాను, నీకోసం అబద్ధం ఆడలేదు. హనుమంతప్ప గడ్డపారలు వేసి, మనుషులను పెట్టి ఒక బండ దొర్లించి తూర్పు గోడ పక్కన దించినాడు. "ఎనిమిది కుర్చీలకు చోటు పోయిందే అక్కా" అన్నాడు, "ఒక్కదానికే చాలు లేప్పా" అన్నాను. దాని మీద కూర్చొని చూస్తే మడి, గుంత, చేపలు మూడూ కనిపిస్తాయి. అది చూసే గీసుకుంది. ఆకు పరిచి దానికి ఇష్టమైనవన్నీ పెట్టినాను.

అందరూ తింటుండగా ప్రసూన వచ్చింది. నేను పిలవలేదు. గేటు బయటే నిలబడింది.

"మడి ఎట్లుందో అడిగేదానికి ఫోన్ చేస్తే, ఈ పొద్దు ఏడాది అని హనుమంతప్ప చెప్పినాడు. ఓబులేసు జూన్‌లోనే అయిపోయిందన్నాడే నాతో."

"అయింది. నాకు తెలీకుండా" అన్నాను.

"మీరే ముందుకు జరపమన్నారంట గదా?"

"ఎవురన్నారు?"

"మీరు రాసిన జాబే చదివి వినిపించినాడమ్మా. 'నా బిడ్డ ఎట్లాగూ తిరిగి రాదు, ఆ ఇంట్లో దీపం పెట్టేదానికి ఒక మనిషి రావల్ల, తొందరగా కానీ తమ్ముడా' అని. నేను విని ఏడ్చినా. ఇంత పెద్ద మనసు యాడైనా ఉంటాదా అనుకున్నా. ఆ మాట మీదనే ఒప్పుకున్నా నేను."

నాకు ఆమె మాటలు తెచ్చి బిడ్డవి అని ఇచ్చినావు. ఆమెకు నీ మాటలు తీసుకుపోయి నావి అని ఇచ్చినావు. ఇద్దరం ఏడ్చినాము, ఇద్దరం ఒప్పుకున్నాము. ఎంత తెలివి వచ్చింది రా నీకు! నా చంకలో ఉన్నప్పుడు లేదు ఇది.

"నేను అట్లా రాయలేదు తల్లీ. నాకు అంత పెద్ద మనసు లేదు" అన్నాను.

ఆమె గేటు వదిలి వెనక్కి తిరిగింది. ఎండ మండుతోంది. లోపలికి రమ్మని ఆకు వేసినాను. ఆమె మీద నాకు ప్రేమ పుట్టిందనుకోవద్దు. నా బిడ్డ మడిని మళ్ళీ పారించింది, అందుకు ఒక పూట అన్నం. తిన్నాక చేమ ఆకుల్లో పండినవి రెండు తుంచి, మోటరు చూసి, "ఇంక భయం లేదు, నీళ్ళు తేటపడతాండాయి" అని చెప్పి పోయింది. ఇరవయ్యో తేదీ గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నేను రేపటి బస్సుకు నల్లమాడ పోతున్నాను. తాళాలు, చేపల మేత హనుమంతప్ప దగ్గర ఉన్నాయి. అక్షింతలు నా చేతి నుంచి రావు. నన్ను తీసుకుపోయేదానికి రావొద్దు. వచ్చి కాళ్ళ మీద పడితే నేను కరిగిపోతానని నీకు తెలుసు, అందుకే రావొద్దు అంటున్నాను.

ప్రసూన బస్సుకు పోయే ముందు నీకు ఒక మాట చెప్పమనింది. ఆమె ఇక నీ ఫోను ఎత్తదంట. చెప్పుకునేది ఏమైనా ఉంటే కాగితం మీద రాసి పంపమనింది. రాయి. అరువు తెచ్చుకునేదానికి ఇంద్రాణి లేదు, నేను ఇవ్వను, ఆమెవి ఆమెకే పంపలేవు. ఈసారి మాటలు నువ్వే వెతుక్కో.

బయమ్మ